పచ్చికలో వంపు

సర్వేయర్ గారి ఆఫీసు కింద కుట్టుమిషన్ల దుకాణం ఉంది. మిషన్లు మొదలైతే పైగదిలో బల్ల మీది గాజుగ్లాసులు సన్నగా వణుకుతాయి. ఆ పొద్దున మిషన్లు ఇంకా మొదలవలేదు. అయినా గ్లాసు వణుకుతోంది, పట్టుకున్న ఆవిడ చెయ్యి అలా ఉంది మరి.

ఆవిడ వీధి చివర మందుల షాపు నడుపుతుంది. ఒంట్లో బాగాలేదని వచ్చినవాళ్ళకి మందుతో పాటు కాస్త ధైర్యం కూడా ఇచ్చి పంపే మనిషి. ఇవాళ ఆ ధైర్యం తనకే కరువైంది.

"రేపు పొద్దున మా తమ్ముణ్ణి కోర్టులో పెడతారట సార్. మాస్టారు ఇంకా కళ్ళు తెరవలేదు. ఆయనకేమైనా అయితే హత్యకేసే అంటున్నారు. వాడు చెయ్యలేదు."

"చెయ్యలేదని మీకెలా తెలుసమ్మా?"

"వాణ్ణి పెంచింది నేను సార్."

ఇలాంటి జవాబు వింటే చాలామంది డిటెక్టివులు చిన్నగా నవ్వుతారు. సర్వేయర్ గారు నవ్వలేదు. సర్వే శాఖలో పనిచేసే రోజుల్లో పైఅధికారి ఒకాయన సరిహద్దురాయిని కొంచెం పక్కకి జరపమంటే, రాయి జరగదు, నేనే జరుగుతానని ఉద్యోగం వదిలేసి వచ్చిన మనిషి ఆయన. మొదట్లో గట్టు తగాదాలు చూసేవారు, తర్వాత పోయిన వస్తువులు, ఆ తర్వాత తప్పిపోయిన మనుషులు. బోర్డు మీద ప్రైవేట్ డిటెక్టివ్ అని రాయించుకున్నా ఊరు మాత్రం సర్వేయర్ గారనే పిలుస్తుంది. పట్టు పట్టారంటే ఉడుమైనా ఆయన దగ్గర నేర్చుకోవలసిందే.

పక్క కుర్చీలో ఆయన బావమరిది ఉన్నాడు. అంటే భార్యకి తమ్ముడు. ఇన్సూరెన్స్ ఆఫీసులో బంగారం లాంటి ఉద్యోగం మానేసి, అక్క చేత చివాట్లు తింటూ, బావ వెంట తిరుగుతున్నాడు. బావగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే రకం.

ఆవిడ ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని వరసలో పెడితే సంగతి ఇది. ఊరి చివర కొండ మీద పెద్ద పచ్చికబయలు ఉంది. వేసవి వచ్చిందంటే అందులో అడవిపూలు విరగబూస్తాయి. సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన ప్రతి ఆదివారం ఇష్టమున్నవాళ్ళని వెంటబెట్టుకుని కొండెక్కి, పూలని గుర్తుపట్టడం నేర్పుతారు. పువ్వు కోయడానికి వీల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని రేకులు చూడాలి, ఆకు చూడాలి, కాడ మీద నూగు ఉందో లేదో చూడాలి, అప్పుడు పేరు చెప్పాలి. మొన్న ఆదివారం ఎండ ఎక్కువని నలుగురే వెళ్ళారు. మాస్టారు, లెక్కల టీచరమ్మ, మాస్టారి బావమరిది, ఫోటోలు తీసే ఈవిడ తమ్ముడు. చివర్లో చూస్తే మాస్టారు బయలు అంచున ఉన్న పాత రాతిగని గుంటలో పడి ఉన్నారు, కింది రోడ్డున పోయేవాళ్ళకి కనిపించారు. తలకి దెబ్బ తగిలింది. గట్టు మీద ఆయన చెప్పుల జాడ, మరొకరితో పెనుగులాడిన జాడ, కుర్రాడి కెమెరా మూత కనిపించాయి.

పులి మీద పుట్రలా, ఆ పొద్దునే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. పిట్టముక్కు అనే అరుదైన పువ్వు ఈ ఏడు పూసింది. దాని ఫోటో, అది ఉన్న చోటు పత్రికలో వేయిస్తానన్నాడు ఈ కుర్రాడు. నా ప్రాణం ఉండగా ఆ చోటు బయటపెట్టనివ్వనన్నారు మాస్టారు. మీ ప్రాణం ఎన్నాళ్ళుంటుందిలెండి అనేశాడు వీడు. అందరూ విన్నారు.

"నోటిదూల సార్ వాడికి," అంది ఆవిడ. "చేతిదూల లేదు. నేను పెంచాను, నాకు తెలుసు."

సర్వేయర్ గారు లేచి గొడుగు తీసుకున్నారు. "పదవోయ్. గడ్డి లేచి నిలబడకముందే మనం కొండెక్కాలి."

బావమరిదికి ముక్క అర్థం కాలేదు. అర్థం కానప్పుడల్లా అతనికి బావగారి మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

*

ముందు స్టేషన్‌కి వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ పాత పరిచయమే. పూలు చూసేవాళ్ళు కూడా కొట్టుకుంటారా అని తలపట్టుకుని కూర్చున్నాడు. అయినా అడిగినవి చూపించాడు. కుర్రాడు గోడకి ఆనుకుని ఉన్నాడు. మాస్టారిని అన్న మాటకి ఏడుస్తున్నాడే తప్ప అరెస్టుకి కాదు. తాను వాగు వైపు వెళ్ళి నీలి గంటపూల ఫోటోలు తీసుకుంటున్నానని, కెమెరా మూత ఎక్కడ పారేసుకున్నానో తనకే తెలియదని చెప్పాడు. కెమెరాలో చివరి ఫోటో గంటపువ్వుదే. వెనకాల నెర్రె విచ్చిన తెల్లరాయి ఒకటి కనిపిస్తోంది. అది వాగొడ్డున ఉన్నది నిజమేగానీ ఫోటో తీశాక గనిదాకా వెళ్ళి రావడానికి బోలెడు సమయం ఉందన్నాడు ఇన్‌స్పెక్టర్. సర్వేయర్ గారు ఆ రాయిని మాత్రం చాలాసేపు చూశారు.

అక్కడినుంచి మాస్టారింటికి. మాస్టారి భార్య ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చి ఉంది. పెద్ద మనిషి, దిట్టంగా ఉంది, ఏడుపు అంతా లోపలే దాచుకున్నట్టుంది. ఆవిడ తమ్ముడే మాస్టారి బావమరిది. పెళ్ళి చేసుకోకుండా అక్కా బావల ఇంట్లోనే వెనకగదిలో ఉంటాడు. నడకకి వెళ్ళిన ప్రతిసారీ అందరి నీళ్ళ సీసాలు, టీ ఫ్లాస్కు, దుప్పటి ఒక పెద్ద సంచిలో వేసుకుని మోస్తాడు కాబట్టి చిన్నాపెద్దా అందరికీ సంచీ మామయ్య అయిపోయాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మొహం. ఇప్పుడు వడలిపోయి ఉంది.

ఏం జరిగిందని అడిగితే, తనకి పూలూ తెలియవు, పుట్టలూ తెలియవని చెప్పాడు. టీలయ్యాక వాళ్ళకో అలవాటుంది, ఒంటరి నడక అంటారు. తలో దిక్కూ ఒక్కొక్కరే వెళ్ళాలి, ఒకరి దిక్కులోకి ఇంకొకరు పోకూడదు. మాస్టారు ఈల వేస్తే చప్పటి బండ దగ్గరికి అందరూ తిరిగొచ్చి ఏం చూశారో చెప్పుకోవాలి. ఆ రోజు టీచరమ్మ తుప్పల వైపు, కుర్రాడు వాగు వైపు, మాస్టారు గని వైపు వెళ్ళారు. తాను ఎప్పటిలాగే బండ నీడలో తుండు మొహం మీద వేసుకుని పడుకున్నాడు. ఈల వినపడలేదు. వాళ్ళిద్దరూ తిరిగొచ్చేసరికి గ్లాసులు కడుగుతున్నాడు.

"మీకు ఒక్క పువ్వు కూడా తెలియదా?" అని అడిగారు సర్వేయర్ గారు.

"తెలుసండి. గడ్డిపువ్వు." మామయ్య నీరసంగా నవ్వాడు. "ఏది చూపించి అడిగినా అదే చెప్తాను. మా బావ ఇన్నేళ్ళ సర్వీసులో నెగ్గుకురాలేని స్టూడెంటుని నేనొక్కణ్ణే."

ఎండకి నోరెండిపోయిన సర్వేయర్ గారి బావమరిది మంచినీళ్ళడిగాడు. ఆవిడ ఫ్రిజ్ తెరిచి సీసా కోసం వెతుకుతూ, సగం ఫ్రిజ్ మా తమ్ముడి సరుకేనండి, ఏవో పుట్టగొడుగులట, తడిగుడ్డ విప్పొద్దంటాడు, అని సణుక్కుంది. బావమరిది నీళ్ళు తాగి, తనకీ ఇలాంటి అక్క ఉందనీ, ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే విరగ్గొడుతుందనీ చెప్పి ఆ ఇంట్లో ఆ రోజుకి మొదటి నవ్వు తెప్పించాడు.

*

కొండ మీదికి టీచరమ్మ తోడొచ్చింది. మోకాళ్ళ నొప్పులావిడ. చేతికర్ర లేనిదే అడుగు పడదు, అడుగడుగునా కర్ర నేలలోకి గుచ్చుతూ నడుస్తుంది. నోరు మాత్రం చకచకా నడుస్తుంది. పసుపుబొత్తాం, గొడుగుపువ్వు, పిల్లితోక, గంటపువ్వు... ఇవన్నీ మాస్టారు, తాను కలిసి పెట్టిన పేర్లేనట. ఆకు చూసి ఇది, కాడ చూసి అది అని ఆవిడ చెప్తుంటే, నాకు గులాబీకీ బంతికీ తేడా తెలుసు, అంతకు మించి అడక్కండమ్మా అని సర్వేయర్ గారు దండం పెట్టేశారు.

మాస్టారిని గుంటలోంచి కింది రోడ్డు వైపుగా తీసుకెళ్ళారు. పోలీసులూ కిందినుంచే ఎక్కారు. అందువల్ల పైన పచ్చిక, ఆదివారం ఎలా ఉందో అలాగే ఉంది. నడుందాకా ఎదిగిన గడ్డి. దానిలో మనిషి నడిస్తే చీలిక పడుతుంది, అది లేవడానికి నాలుగు రోజులు పడుతుంది. సర్వేయర్ గారు బండ ఎక్కి నిలబడి, కళ్ళు చికిలించి, ఒకప్పుడు గొలుసు పట్టి కొలిచినట్టు బయలంతా చూపుతో కొలిచారు.

గని వైపు రెండు చీలికలున్నాయి. ఒకటి మెల్లగా, ఆగుతూ ఆగుతూ వెళ్ళింది. అక్కడక్కడ గుండ్రంగా నలిగిన చోట్లు, మాస్టారు కూర్చుని పూలు చూసినవి. రెండోది బండ దగ్గర మొదలై గనికి పోయి, మళ్ళీ బండకే వచ్చింది. పోయేటప్పుడు పిల్లిలా పోయింది. వచ్చేటప్పుడు గడ్డి కాడలు విరిగిపోయాయి, అంగకీ అంగకీ మధ్య దూరం ఎక్కువ. పరిగెత్తాడు. ఆ చీలిక నూలు పట్టి గీసినట్టు బండకేసి సూటిగా వస్తోంది.

సగం దూరంలో ఒక్కచోట మాత్రం ఎడమకి వంగింది. వంగి, మళ్ళీ మునుపటి గీతలోకే వచ్చింది.

సర్వేయర్ గారు అక్కడికెళ్ళి కూర్చున్నారు. రాయి లేదు, గుంట లేదు, ముల్లు లేదు. మామూలు గడ్డి.

"కాలు జారుంటుంది బావగారూ," అన్నాడు బావమరిది.

"జారితే పడతాడు. వీడు పక్కకి తప్పుకున్నాడు. ప్రాణభయంతో పరిగెత్తేవాడు దేనికి తప్పుకుంటాడోయ్?"

గడ్డి విడదీసి చూస్తే నేలకి అతుక్కుని రెండేసి ఆకులున్నాయి, మీద ముదురు మచ్చలతో. అవి పిట్టముక్కు ఆకులేనని టీచరమ్మ గుర్తుపట్టింది. దానికి ప్రతి ఏడూ పూలు రావట, ఒక్కోసారి ఆకులేసి ఊరుకుంటుందట. చూసినవాళ్ళు ఏదో పిచ్చి మొక్క అనుకుంటారు. పువ్వు లేకుండా దీన్ని గుర్తుపట్టగలిగినవాళ్ళు ఊళ్ళో మాస్టారు, తాను తప్ప ఇంకెవరూ లేరని ఆవిడ గర్వంగానే చెప్పింది. చెప్పాక ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో తోచి, కర్ర మీద రెండు చేతులూ పెట్టి, మాటలు ఆపేసింది. బావమరిది బావగారి వంక అర్థవంతంగా చూశాడు. సర్వేయర్ గారు ఆ చూపుని పట్టించుకోలేదు.

గట్టు దగ్గర కొత్తగా తవ్వి పూడ్చిన చోటు ఒకటుంది. ఏటా ఇలాగే పిట్టముక్కులు మాయమవుతున్నాయనీ, కింద దుంప ఉంటుంది కాబట్టి అడవిపందులు తవ్వుకు తింటున్నాయని మాస్టారు బాధపడేవారనీ టీచరమ్మ మెల్లగా చెప్పింది. సర్వేయర్ గారు మట్టి మీద చెయ్యి పెట్టి చూశారు. చక్కగా చదును చేసి, పైన గడ్డి పరిచి ఉంది. తిన్నాక విస్తరి తీసి, చోటు తుడిచిపెట్టే పందిని తానింతవరకూ చూడలేదన్నారు.

చివరికి వాగొడ్డుకి వెళ్ళి నెర్రె విచ్చిన తెల్లరాయిని పట్టుకున్నారు. దాని ముందు గంటపూలు, పూలకెదురుగా మెత్తటి నేలలో రెండు మోకాళ్ళ గుంటలు. కుడి గుంటలో మచ్చల ఆకులు పేస్టులా నలిగి ఉన్నాయి.

"అయ్యయ్యో, ఇవి కూడా పిట్టముక్కు ఆకులే," అంది టీచరమ్మ. "చూసుకోకుండా ఎక్కి కూర్చున్నాడు. ఆ కుర్రాడికి పువ్వు కనిపిస్తేనే మొక్క. కెమెరా పట్టుకుంటే ఒళ్ళు తెలియదు, ఎప్పుడూ మూతలూ, కళ్ళజోడూ పారేస్తుంటాడు. మామయ్యే పాపం ఏరి సంచిలో వేసి, ఇంటికెళ్ళేటప్పుడు ఇస్తుంటాడు."

సర్వేయర్ గారు లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. మధ్యాహ్నం మామయ్యని కూడా పిలిపిద్దాం, బండ దగ్గర అందరం టీ తాగుదాం అన్నారు.

*

సంచీ మామయ్య వచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళాలని తొందరపడుతూనే, అలవాటైన చేతులతో ఫ్లాస్కు తీశాడు. బండ మీద ఎండగా ఉంది, పక్కనున్న ఆ చదునులో దుప్పటి పరవండి అని సర్వేయర్ గారు చోటు చూపించారు. మామయ్య దుప్పటి దులిపాడు, పరవబోయాడు, ఆగాడు. సగానికి మడిచి కొంచెం అవతలగా పరిచాడు.

"అక్కడ రాళ్ళు గుచ్చుకుంటాయండి," అన్నాడు.

దుప్పటి మీద చోటు చాలలేదు. బావమరిది మర్యాదకి పోయి మామయ్య వదిలేసిన చోటే చతికిలబడ్డాడు. మెత్తగా ఉంది, రాళ్ళేం లేవండీ అన్నాడు. సర్వేయర్ గారు అతని చెయ్యి పట్టి లేపి, తన పక్కనే ఇరికించి కూర్చోబెట్టుకున్నారు. టీ తాగడమయ్యాక, సాయంత్రం మాస్టారింట్లో అందరూ కలుద్దామని, ఇన్‌స్పెక్టర్ కూడా వస్తాడని మాత్రం చెప్పారు.

కొండ దిగుతున్నంతసేపూ బావమరిది ఉగ్గబట్టుకుని, ఊళ్ళోకి రాగానే బయటపడ్డాడు. టీచరమ్మే అని తేల్చేశాడు. ఆకు గుర్తుపట్టేది ఆవిడొక్కతే కదా. సర్వేయర్ గారు నడక ఆపారు.

"ఆవిడ అడుగు పక్కన కర్ర పడుతుంది. ఆ చీలికలో ఎక్కడైనా కర్ర పొడిచిన గుంట ఉందా? సరే, లేదు. పోనీ మోకాళ్ళు వంగని మనిషి అంతంత అంగలేసి పరిగెత్తుతుందా?"

బావమరిది ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ అతని మొహం పాలిపోయింది. మిగిలింది ఒక్కడే. తనలాగే ఒకరికి బావమరిది, ఒకరికి తమ్ముడు.

*

మాస్టారింటి ముందుగదిలో సాయంత్రం వెలుతురు ఇంకా ఉంది. గోడ నిండా మాస్టారు గీసిన పూలబొమ్మలు. వాటికింద కుర్చీల్లో టీచరమ్మ, మందుల షాపు ఆవిడ, ఇన్‌స్పెక్టర్, అతని పక్కన బేడీలు లేకుండా ఫోటోల కుర్రాడు. మాస్టారి భార్య మోడా మీద, ఆవిడ వెనకాల గోడకి ఆనుకుని సంచీ మామయ్య. ఆసుపత్రి నుంచి కొత్త కబురేమీ లేదు, అలాగే ఉన్నారట. రేపు పొద్దున కోర్టు ఉందని ఎవరూ మర్చిపోలేదు.

సర్వేయర్ గారు కూర్చోలేదు. బండ నుంచి గనికి, గని నుంచి బండకి ఉన్న చీలిక గురించి చెప్పారు, అది ఎక్కడ ఎందుకు వంగిందో చెప్పారు.

"నేను దారులు కొలిచి బతికినవాణ్ణి. సూటిగా పోయే దారి ఊరికే వంగదు. అడ్డం ఏదో ఉంటేనే వంగుతుంది. అక్కడ మన కళ్ళకి అడ్డమేమీ లేదు, ఆ పరిగెత్తినవాడి కళ్ళకి ఉంది. ఆ ఆకుల్ని తొక్కకూడదని వాడు అనుకుని తప్పుకోలేదు. అనుకునే తీరికెక్కడిది? కాళ్ళకే తెలుసు. ఏళ్ళ తరబడి తెలిస్తేనే కాళ్ళదాకా వస్తుంది."

ఇన్‌స్పెక్టర్ కుర్రాడి వంక చూశాడు. ఇతనికీ మొక్కలు తెలుసుగా అన్నాడు.

ఇతనికి పూలు తెలుసు, ఆకులు తెలియవన్నారు సర్వేయర్ గారు. వాగొడ్డున అదే ఆకుల మీద మోకాలేసి కూర్చున్న జాడ ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. నిమ్మళంగా కూర్చున్నప్పుడు కనబడనిది, పరిగెత్తేటప్పుడు కనబడుతుందా? ఇక టీచరమ్మ. ఆవిడకి ఆకులు తెలుసు, కానీ ఆవిడ పరిగెత్తలేదు, కర్ర లేకుండా నడవలేదు. మాస్టారు గుంటలో ఉన్నారు. బయలు మీద ఆ వేళ నలుగురే ఉన్నారు.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మామయ్య అప్పుడే మాట్లాడాడు. "నాకు పూలే తెలియవు కదండీ. ఊరంతటికీ తెలుసు ఆ సంగతి."

"ఊరంతటికీ తెలిసేలా మీరే చేశారు," అన్నారు సర్వేయర్ గారు. "పువ్వులు తెలియనివాణ్ణి పూలదొంగ అని ఎవరంటారు? మధ్యాహ్నం దుప్పటి పరవమన్నాను. రాళ్ళున్నాయని పక్కకి జరిపారు. మా బావమరిది అక్కడే కూర్చున్నాడు, రాళ్ళు లేవు. గడ్డి కింద పిట్టముక్కు ఆకులున్నాయి. ఆ చోటు నాకు టీచరమ్మ ముందే చూపించారు. మీకెవరు చూపించారు?"

టీచరమ్మ మామయ్య వంక కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

కెమెరా మూత సంగతి కూడా ఆయనే తేల్చారు. కుర్రాడు బండ దగ్గర పారేసుకుంటే, ఎప్పటిలాగే మామయ్య సంచిలో వేసుకున్నాడు. గట్టు దగ్గర తవ్వడానికి సంచిలోంచి తాపీ లాంటిదేదో తీసినప్పుడో, పెనుగులాటలోనో అది జారిపడి ఉండాలి. కావాలని పడేశాడని తాను అనడం లేదు. కానీ ఆ మూత పేరు చెప్పి ఒక కుర్రాణ్ణి పట్టుకుపోతుంటే నోరు మెదపలేదు. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "అంతా బాగుందండీ. గడ్డి వంగిందని, దుప్పటి జరిగిందని నేను కోర్టులో చెప్తే జడ్జిగారు నవ్వుతారు. చేతికి దొరికేది ఏదైనా ఉందా?"

"ఉండాలి. ఆదివారం తవ్విన మొక్కని కొనేవాడికి చేర్చే వీలు ఇతనికి చిక్కలేదు, అప్పట్నుంచీ ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతున్నాడు. దుంప ఎండిపోకూడదు, కుళ్ళిపోకూడదు. చల్లగా, తడిగా ఎక్కడో దాచాలి. వారంటు తెచ్చి ఇల్లు వెతకండి."

వారంటు అవసరం లేకపోయింది. మాస్టారి భార్య మోడా మీంచి లేచింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా, పనికి లేచినట్టే లేచింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి ఇల్లాలు పట్టగలదు, అయితే ఆవిడకి పట్టుకోవాలని ఉండాలి. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు ముందుగదిలోకి వినబడింది.

తడిగుడ్డ మూట తెచ్చి బల్ల మీద పెట్టి విప్పింది. మట్టి అంటుకున్న దుంప, రెండు మచ్చల ఆకులు, వాడిన ఊదారంగు పువ్వు. పిట్ట ముక్కు తెరిచినట్టే ఉంది.

"ఇవి పుట్టగొడుగులా?" అని తమ్ముణ్ణి అడిగింది.

మామయ్య గోడ మీంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత చెప్పిందంతా అక్కకే చెప్పాడు, పోలీసుకి కాదు. మొదట్లో ఒకసారి నిజంగానే ఒక పువ్వు పేరు తప్పు చెప్పాడు, అందరూ పడీపడీ నవ్వారు. నవ్వించడం బాగుందనిపించింది. నవ్విస్తూ నవ్విస్తూనే చెవులతో అంతా నేర్చుకున్నాడు. అప్పటికి నాకూ తెలుసని చెప్పుకుంటే ఎవరూ నమ్మని స్థితి వచ్చేసింది. దూరాన అరుదైన మొక్కల్ని గాజుగదుల్లో పెంచే షావుకారు ఒకాయన దగ్గర మాత్రం నమ్మారు. అక్కడ తనని సార్ అంటారు, కుర్చీ వేస్తారు, ఏ మొక్కకి ఎంత నీడ కావాలో తననే అడుగుతారు. ఏటా ఒకటో రెండో పట్టుకెళ్ళాడు.

"బావ ఆ పక్కకి అంత తొందరగా వస్తాడనుకోలేదక్కా. నేను తవ్విన చోటు పూడ్చేసి, పక్కనున్న ఇంకో పిట్టముక్కు ఆకుల దగ్గర మోకాళ్ళ మీదున్నాను. తాపీ కనబడలేదాయనకి. ముందు కోప్పడలేదు. ఆకు చూసి గుర్తుపట్టావా, నువ్వేనా, అన్నాడు. ఎంత సంబరపడ్డాడో. అంత సంబరం నా వల్ల ఆయన మొహంలో ఎప్పుడూ చూళ్ళేదు." మామయ్య మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆ తర్వాత పూడ్చిన గుంట చూశాడు. సంచి పట్టుకున్నాడు. ఇమ్మన్నాడు. నేను గుంజుకున్నాను. అంతే. నేను తొయ్యలేదక్కా, గుంజుకున్నాను."

"పడ్డాక దిగి చూశావా?"

మామయ్య తల అడ్డంగా ఊపాడు.

"బండ దగ్గరికొచ్చి గ్లాసులు కడిగావు," అంది ఆవిడ. "నేను ఆ గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నాకు మంచినీళ్ళిచ్చావు. ఈ పిల్లాణ్ణి పట్టుకుపోయారని నాకు చెప్పింది కూడా నువ్వే."

సర్వేయర్ గారి బావమరిది కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కేసు తేలినప్పుడల్లా అతను బావగారి చెయ్యి ఊపేసి అభినందిస్తాడు. ఇవాళ ఆ ఊసే ఎత్తలేదు.

మాస్టారి భార్య మందుల షాపు ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే పని చేసిన ఆడవాళ్ళు, ఇద్దరూ తల్లి చెయ్యవలసిన చాకిరీ అక్కలై చేసినవాళ్ళు. ఇప్పుడు ఒకరి తమ్ముడు వస్తున్నాడు, ఒకరి తమ్ముడు పోతున్నాడు.

"నీ తమ్ముణ్ణి నువ్వు ఇంటికి తీసుకెళ్ళమ్మా," అంది పెద్దావిడ. "నా ఇంటి తప్పుకి వాడు లాకప్పులో కూర్చున్నాడు. ఆ మాటకి నేనేం చెప్పుకోలేను."

తర్వాత తమ్ముడి దగ్గరికెళ్ళి, భుజం కింద చెయ్యి వేసి లేపింది. అతను లేవలేకపోతే రెండో చెయ్యి కూడా వేసింది.

"లే. నేనూ వస్తాను స్టేషన్‌దాకా. జరిగింది జరిగినట్టు చెప్పు, ఒక్క మాట మింగకు. మీ బావ కళ్ళు తెరిస్తే మొదట అడిగేది నిన్నేరా. వాడెక్కడ అని అడుగుతారు. అప్పుడు నేను అబద్ధం చెప్పలేను."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసుకుని ముందుకి నడిచాడు. ఫోటోల కుర్రాడు అక్క పక్కకొచ్చి నిలబడ్డాడు గానీ, ఇద్దరిలో ఎవరికీ సంతోషపడడం చేతకాలేదు. మాస్టారి భార్య గుమ్మం దగ్గర ఆగి, కన్నీళ్ళు అడ్డొచ్చి కాబోలు, చెప్పుల కోసం కాలితో తడుముకుంటోంది. మందుల షాపు ఆవిడ వంగి ఆ చెప్పులు రెండూ ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిపింది. తలుపు బార్లా తెరిచి, ఆ పెద్దావిడా, ఆవిడ తమ్ముడూ మెట్లు దిగేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.